వన్ నో ట్రంప్ మీద నోరు విప్పాలా, పాస్ అనాలా?

బ్రిడ్జ్ పేకాటలో ఎదుటివాళ్లు వన్ నో ట్రంప్ (తురుపు లేకుండా పదమూడు ట్రిక్కుల్లో, అంటే పట్టుల్లో, ఏడు గెలుస్తామన్న బిడ్) అని ఓపెన్ చేశారంటే విజయనగరంలోనైనా శ్రీకాకుళంలోనైనా క్లబ్బు బల్లల దగ్గర ఎక్కువగా జరిగేది ఒకటే: చేతిలో పెద్ద ముక్కలకిచ్చే పాయింట్లు లెక్కపెట్టుకోవడం, పదిహేనుకి తగ్గితే పాస్ అనేయడం. ఏళ్ల తరబడి కలిసి ఆడే రిటైర్డ్ లెక్చరర్లకీ బ్యాంకు ఉద్యోగులకీ దీనివల్ల నష్టపోయినట్టు కూడా అనిపించదు, ఎందుకంటే పక్క బల్ల మీదా అదే ఆట, పోయినదేదో ఎవరి లెక్కలోకీ రాదు. ఫోన్‌లో ఆన్‌లైన్ బ్రిడ్జ్ మొదలుపెట్టాక చిక్కు వచ్చింది. అక్కడ ఎదురయ్యే జోడీది ఏ దేశమో తెలియదు, వాళ్ల వన్ నో ట్రంప్ మనకి అలవాటైన 15–17 పాయింట్లది కాకుండా 12–14ది కావచ్చు. మన వైపు కూర్చున్న కొత్త పార్ట్‌నరేమో పది పాయింట్లతో ‘2 కళావర్లు’ అంటాడు, తీరా చూస్తే చేతిలో కళావర్లే ఉండవు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ జోడీ స్వర్ణం గెలిచాక ఈ ఆట వైపు చూసిన కొత్తవాళ్లని ఎక్కువగా గందరగోళపెట్టే విషయాల్లో ఇదొకటి.

క్లుప్తంగా: బలమైన (15–17) నో ట్రంప్ మీద బిడ్ చేయడానికి పాయింట్ల కన్నా చేతి ఆకారం, అంటే ఏ రంగులో ఎన్ని ముక్కలున్నాయన్నది, ముఖ్యం. బలహీన (12–14) నో ట్రంప్ మీద పాయింట్లకీ విలువ ఉంది, పెనాల్టీ డబుల్‌ని (వాళ్లు ఓడతారని పందెం పెంచే బిడ్‌ని) వదులుకోకూడదు. ఎవరు వల్నరబుల్ (ఓడితే జరిమానా ఎక్కువ పడే వైపు), ఓపెనర్‌కి ఏ పక్కన కూర్చున్నాం అన్నవి ఆ తర్వాత చూడాలి. ఏ కన్వెన్షన్ (బిడ్‌కి జోడీ ముందే ఒప్పుకున్న ప్రత్యేక అర్థం) ఆడాలన్నది, దాని మీద జరిగే వాదనలు ఎన్ని ఉన్నా, వీటన్నిటి తర్వాతే.

ఈ ఒక్క బిడ్‌కి ఎందుకంత బలం

వన్ నో ట్రంప్ అన్నవాడు ఒక్క మాటలో తన చేతి గురించి దాదాపు అంతా చెప్పేస్తాడు. సింగిల్టన్ (ఒక్కటే ముక్క ఉన్న రంగు) లేదు, నాలుగు రంగుల్లో ముక్కలు 4-3-3-3, 4-4-3-2 లేదా 5-3-3-2గా ఉన్నాయి, పాయింట్లు 15–17 లాంటి చిన్న పరిధిలో ఉన్నాయి. (ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1, పేక మొత్తం మీద 40.) ఇక అక్కడి నుంచి నిర్ణయాలన్నీ అతని పార్ట్‌నర్‌వి. ఆటీన్లో ఇస్పేట్లో కలుస్తాయేమో కనుక్కోవడానికి స్టేమన్ అనే 2 కళావర్ల బిడ్, తన పొడుగు రంగుని ఓపెనర్ చేత ఆడించడానికి ట్రాన్స్‌ఫర్లు, అన్నీ రెండో మెట్టు (ఎనిమిది ట్రిక్కుల బిడ్లు) మీద తీరిగ్గా నడుస్తాయి.

పైగా మొదటి మెట్టంతా ఆ ఒక్క బిడ్‌తోనే అయిపోయింది. పలాస బస్సు ప్లాట్‌ఫాం మీదకి రాకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసేసినట్టు, వాళ్లు చోటు పట్టేశారు, మనం ఏం చెప్పినా రెండో మెట్టు నుంచే. ఎదుటివాళ్లు 1 డైమన్ అంటే ఎనిమిది, తొమ్మిది పాయింట్లతో 1 ఇస్పేటు అనడానికి ఎవరూ భయపడరు, అదే చేతితో 2 ఇస్పేట్లు అనాలంటే మాత్రం ఎనిమిది ట్రిక్కులకి పూచీ పడాలి. భయం ఉత్తిదేమీ కాదు.

ఆ మెట్టు వాళ్లకీ అవసరమే, మర్చిపోయేది ఇక్కడే. మనం 2 ఇస్పేట్లు అంటే స్టేమనూ పోయింది, ట్రాన్స్‌ఫర్లూ పోయాయి. ఇలాంటప్పటి కోసం లెబెన్సోల్ అనే ఏర్పాటు ఉంది గానీ, అది ఇద్దరికీ ఒకేలా గుర్తుండి, ఇద్దరూ ఒకే పద్ధతిలో ఆడుతుంటేనే పనికొస్తుంది. మామూలు జోడీల మధ్య ఇక్కడే లెక్కలు తప్పుతాయి.

నలభై పాయింట్లు ఎటు పోయాయి

ఓపెనర్‌ది 15–17, మధ్యలో 16 అనుకుందాం. మిగిలినవి 24. మన చేతిలో 16 ఉంటే ఇంకా 8, అవి ఇద్దరి మధ్య చీలాలి, అంటే సగటున పార్ట్‌నర్‌కి దక్కేది 4. మనం ఎంత బలంగా ఉంటే పార్ట్‌నర్ అంత బక్కగా ఉంటాడు. అలాంటప్పుడు బ్యాలెన్స్‌డ్ (రంగులన్నీ ఇంచుమించు సమానంగా ఉన్న) చేయితో ముందుకెళితే ప్రతి ట్రిక్కూ మన చేతిలోంచే రావాలి, అవతలి చేతికి దాటి ఫినెస్ (ఎదుటివాడి పెద్ద ముక్కని తప్పించి చిన్నదానితో ట్రిక్కు తీయడం) తీసుకోవడానికి దారి ఉండదు, ఓపెనర్ పార్ట్‌నర్ తన ఆరేడు పాయింట్లతోనే డబుల్ అంటాడు.

రెండు చేతులు పక్కపక్కన పెట్టి చూస్తే తేలిక.

మొదటిది: ఇస్పేట్లు రాజు, 8, 2, ఆటీన్లు ఆసు, రాణి, 5, డైమన్లు రాజు, జాకీ, 7, 4, కళావర్లు రాణి, జాకీ, 3. పదహారు పాయింట్లు.

రెండోది: ఇస్పేట్లు రాజు, రాణి, 10, 9, 6, ఆటీన్లు ఆసు, జాకీ, 8, 4, డైమన్ 5 ఒక్కటే, కళావర్లు 9, 7, 3. పదే పాయింట్లు.

క్లబ్బు అలవాటు ప్రకారం మొదటి చేయితో డబులో మరొకటో వస్తుంది, రెండో చేయి పాస్ అవుతుంది. 15–17 మీద సరిగ్గా దీనికి తలకిందులుగా ఆడాలి. మొదటి చేయితో పాస్ అన్నవాడిని ఆట అయ్యాక “పదారెట్టుకుని పాసేటండి మాస్టారూ?” అని ఎవరో ఒకరు అడగడం ఖాయం, జవాబు పై లెక్కే. ఆ పదహారూ డిఫెన్స్‌లో బాగానే పనిచేస్తాయి, వాళ్ల వన్ నో ట్రంప్‌ని పడగొట్టే అవకాశం మనకి ఉంది, దాన్ని వదిలి రెండో మెట్టెక్కి మన కాంట్రాక్టుని (చివరి బిడ్‌తో ఇచ్చిన మాటని) మనమే పడగొట్టుకోవడం దేనికి?

రెండో చేయి కథ వేరు. వాళ్లు నో ట్రంప్ ఆడుతుంటే ఆ ఒంటరి డైమన్‌కి విలువ లేదు, పైగా అదే మన డిఫెన్స్‌లో చిల్లు. ఇస్పేట్లు తురుపైతే మాత్రం వాళ్ల డైమన్ ఆసు తర్వాత ప్రతి డైమన్నీ కోసేయొచ్చు. పాయింట్ల లెక్కలో ఇది ఎక్కడా కనబడదు. పార్ట్‌నర్ దగ్గర మూడు ఇస్పేట్లో నాలుగు ఆటీన్లో ఉంటే చాలు, ఎనిమిది తురుపులు దొరికినట్టే. ఫ్రాన్స్‌కి చెందిన జాన్ రెనే వెర్న్ 1960ల్లో చెప్పి, తర్వాత అమెరికాలో లారీ కోహెన్ ప్రచారం చేసిన ‘మొత్తం ట్రిక్కుల సూత్రం’ సారం ఇదే: పాయింట్లు రెండు వైపులా ఇంచుమించు సమానంగా ఉన్నప్పుడు ఎన్ని తురుపులు ఉంటే అన్ని ట్రిక్కుల మెట్టు దాకా వెళ్లడంలో పెద్ద ప్రమాదం లేదు. ఎనిమిది తురుపులు, ఎనిమిది ట్రిక్కులు, రెండో మెట్టు. ఇది అచ్చంగా కుదిరే నియమం కాదు, ఒక ట్రిక్కు అటూఇటూ అవుతుంది, అయినా బల్ల దగ్గర ఆలోచించడానికి ఇంతకన్నా మంచి కొలబద్ద లేదు.

ఇంకో సంగతి, పదులూ తొమ్మిదులూ. రాజు, రాణి, 10, 9, 6 అన్న రంగునీ రాజు, రాణి, 4, 3, 2 అన్న రంగునీ పాయింట్లు ఒకేలా చూస్తాయి. డబుల్ పడిన రోజున తేడా తెలుస్తుంది. రంగు డొల్లగా ఉంటే పన్నెండు పాయింట్లున్నా ఊరుకోవడమే మేలు.

స్కోరు షీటు వైపు నుంచి

మ్యాచ్‌పాయింట్లలో, అంటే ఒకే పేకని అన్ని బల్లల మీదా ఆడి స్కోర్లు పోల్చే పోటీలో, అంకెలు ఇలా ఉంటాయి. వాళ్లు వన్ నో ట్రంప్ సరిగ్గా ఆడేస్తే మనకి మైనస్ 90, ఒక ఓవర్‌ట్రిక్ (మాటిచ్చినదానికి మించిన ట్రిక్కు) తీస్తే మైనస్ 120. మనం 2 ఇస్పేట్లు ఆడి గెలిస్తే ప్లస్ 110. నాన్ వల్నరబుల్‌గా ఒకటి పడితే (ఒక ట్రిక్కు తగ్గితే) మైనస్ 50, అంటే ఓడిపోయి కూడా మైనస్ 90 కన్నా మెరుగు. రెండు పడినా, డబుల్ లేకపోతే, మైనస్ 100, వాళ్లకి ఓవర్‌ట్రిక్ వచ్చే ఆటైతే అదీ లాభమే.

వల్నరబుల్ అయితే ఇదే లెక్క అడ్డం తిరుగుతుంది. ఒకటి పడితే మైనస్ 100, వాళ్ల 90 కన్నా ఎక్కువ. రెండు పడితే మైనస్ 200, డబుల్ లేకుండానే. పార్ట్‌స్కోర్ (గేమ్ అనే పెద్ద బోనస్ దాకా వెళ్లని చిన్న కాంట్రాక్టు) పేకలో 200 పోగొట్టుకుంటే ఆ బోర్డు మీద మిగిలేది సున్నాకి దగ్గరగానే ఉంటుంది. అందుకే ఒకే చేతితో ఒకసారి బిడ్ చేయడం, ఇంకోసారి పాస్ అనడం తడబాటు కాదు, బోర్డు మీద వల్నరబుల్‌ని చూపే ఎర్ర రంగు చూసి ఆడటం.

టీమ్ మ్యాచ్‌లో ఇంప్ (స్కోర్ల తేడాని చిన్న అంకెలకి కుదించే కొలత) లెక్క మరోలా ఉంటుంది. 90 బదులు 50 ఇస్తే మిగిలే 40కి వచ్చేది ఒక్క ఇంపే. 90 పోవాల్సిన చోట 110 వస్తే తేడా 200, ఐదు ఇంప్‌లు. అదే వల్నరబుల్‌గా డబుల్ పడి మూడు ట్రిక్కులు తగ్గితే మైనస్ 800, తేడా 710, పన్నెండు ఇంప్‌లు ఒక్క దెబ్బకి. కాబట్టి మ్యాచ్‌పాయింట్లలో చొరవగా ఉండేవాడు టీమ్ ఆటలో, అదీ వల్నరబుల్‌గా, కాస్త చూసుకోవాలి. ఆన్‌లైన్‌లో ఒకే సాయంత్రం రెండు రకాల టోర్నమెంట్లూ ఆడేస్తుంటారు, ఏది ఆడుతున్నామో చూసుకోకపోవడమే సగం నష్టాలకి కారణం.

ఓపెనర్‌కి ఏ పక్కన ఉన్నాం

ఓపెనర్ ఎడమ పక్కన, అంటే వెంటనే మాట్లాడే చోట కూర్చున్నవాడికి ఒక ప్రమాదం, రెండు సౌకర్యాలు. ప్రమాదం ఏమిటంటే ఓపెనర్ పార్ట్‌నర్ ఇంకా నోరు విప్పలేదు, అతని దగ్గర పన్నెండు ఉండొచ్చు, సున్నా ఉండొచ్చు. సౌకర్యాల్లో మొదటిది, బలమైన చేయి మన కన్నా ముందు ఆడుతుంది, మన రాజులూ రాణులూ దాని వెనక ఉంటాయి కాబట్టి ఫినెస్‌లు కలిసొస్తాయి. రెండోది, వాళ్లు నో ట్రంప్ ఆడితే మొదటి ముక్క వేసేది మనమే.

ఈ రెండో దాన్ని చాలామంది పాడుచేసుకుంటారు. చేతిలో కళావర్లు ఆసు, రాజు, రాణి, జాకీతో సహా ఏడు ఉన్నాయనుకుందాం. ఆత్రంగా 2 కళావర్లో 3 కళావర్లో అంటే వాళ్లు మేలుకుని ఏ ఆటీన్లకో మారిపోతారు. గుట్టుగా పాస్ అంటే వరసగా ఏడు ట్రిక్కులు మనవి, వాళ్లకి మిగిలేది ఆరు, వన్ నో ట్రంప్ పడింది. 3 నో ట్రంప్ దాకా వెళ్లారా, మూడు తగ్గాయి. ఇలాంటి చేయి రోజూ రాదు గానీ, వచ్చినప్పుడు పాస్ అనడానికి గుండె ధైర్యం కావాలి.

నాలుగో చోటు, అంటే వన్ నో ట్రంప్, పాస్, పాస్ అయి మన దగ్గరికి వచ్చినప్పుడు, పరిస్థితి వేరు. ఓపెనర్ పార్ట్‌నర్ గేమ్ వైపు చూడకుండా పాస్ అన్నాడు, మామూలుగా ఎనిమిదికి తక్కువే. కాబట్టి పాయింట్లు రెండు వైపులా దగ్గరదగ్గరగా పంచుకుని ఉంటాయి, మన చేతిలో తక్కువ ఉంటే ఆ మేరకు పార్ట్‌నర్ దగ్గర ఉన్నట్టే, అవి కూడా ఓపెనర్ వెనక, మంచి చోట. అందుకని ఇక్కడ పలచటి చేయితోనైనా, ఆకారం ఉంటే, కదలొచ్చు. మన సొంత రాజులూ రాణులూ మాత్రం ఇప్పుడు ఓపెనర్ ముందు పడ్డాయి, వాటి విలువ కొంత తగ్గించుకోవాలి. పెనాల్టీ డబుల్‌కి కూడా ఈ చోటు అంత అనువుగా ఉండదు, మొదటి ముక్క వేసేది పార్ట్‌నర్, మన పొడుగు రంగేదో అతనికి తెలియదు.

లాండీ, కాపెలెట్టి, డోంట్: ఏది దేనికి

అన్నిటికన్నా పాతవాటిలో ఒకటి, తేలికైనది, ఆల్విన్ లాండీ పేరుతో ఉన్న పద్ధతి. 2 కళావర్లు అంటే రెండు మేజర్లూ, అంటే ఇస్పేట్లు, ఆటీన్లు ఉన్నాయని. మిగతా బిడ్లన్నీ మామూలు అర్థమే, డబుల్ పెనాల్టీకే. పైన చూపిన పది పాయింట్ల చేయికి ఇదే మాట. పార్ట్‌నర్‌కి రెండూ సమానంగా ఉంటే 2 డైమన్లు అని ‘నీకు ఏది పొడుగు’ అని అడిగే అలవాటు కలిపితే సగం తంటా తీరుతుంది.

కాపెలెట్టి, దీన్నే కొందరు హామిల్టన్ అనీ ఇంగ్లండ్‌లో పాటేజ్ అనీ అంటారు. ఇందులో 2 కళావర్లు అంటే ఏదో ఒక్క పొడుగు రంగు, 2 డైమన్లు అంటే రెండు మేజర్లు, 2 ఆటీన్లు లేదా 2 ఇస్పేట్లు అంటే ఆ మేజర్‌తో పాటు ఒక మైనర్ (డైమన్లు లేదా కళావర్లు), 2 నో ట్రంప్ అంటే రెండు మైనర్లు. అన్ని చేతులకీ ఏదో ఒక గది ఉంటుంది కాబట్టి ఆన్‌లైన్‌లో తెలియని పార్ట్‌నర్లు దీన్నే ఒప్పుకోవడం తరచూ కనిపిస్తుంది.

దీనిలో లోపం మాత్రం తక్కువగా చర్చకొస్తుంది. ఇస్పేట్లు ఆరు ఉన్న చేయి ముందు 2 కళావర్లు అనాలి. ఆ బిడ్ ఎదుటివాళ్ల దగ్గరి నుంచి ఏమీ లాక్కోదు: డబుల్ అంటే స్టేమన్ అనుకుని, మిగతావన్నీ ఎప్పటిలా ఆడేస్తారు. అదే చేయితో నేరుగా 2 ఇస్పేట్లు అని ఉంటే స్టేమనూ ట్రాన్స్‌ఫర్లూ ఒక్కసారే మూతపడేవి. పొడుగు మేజర్ చాలా తరచుగా వచ్చే చేయి, చోటు లాక్కోవడానికి అన్నిటికన్నా పనికొచ్చే చేయి, దాన్నే చుట్టు తిప్పి చెప్పించడం ఈ పద్ధతి బలహీనత. పొడుగు మేజర్ని 2 డైమన్లకి మార్చిన మల్టీ లాండీ ఈ విషయంలో కొంచెమే మెరుగు. పాత లాండీ ఇక్కడ ఇప్పటికీ గట్టిగానే నిలబడుతుంది.

మార్టీ బెర్గెన్ పేరుతో వచ్చిన డోంట్ ఉద్దేశం వేరే, వీలైనన్నిసార్లు అడ్డం పడటం. డబుల్ అంటే ఒక్క పొడుగు రంగు, పార్ట్‌నర్ 2 కళావర్లు అంటాడు, అప్పుడు అసలు రంగు చెబుతాం. 2 కళావర్లు అంటే కళావర్లూ ఇంకో రంగూ, 2 డైమన్లు అంటే డైమన్లూ ఒక మేజరూ, 2 ఆటీన్లు అంటే రెండు మేజర్లూ. 2 ఇస్పేట్లు అంటే ఇస్పేట్లే. రెండు రంగులున్న చేయి తక్కువలో ఆగడానికి ఇది బాగుంటుంది. ధర ఏమిటంటే పెనాల్టీ డబుల్ పోయింది. 15–17 మీద ఆ డబుల్‌కి పెద్దగా పని లేదు కాబట్టి పోయినా బాధ లేదు, 12–14 మీద మాత్రం పోగొట్టుకోకూడదు.

బలహీన నో ట్రంప్ వేరే జంతువు

ఇంగ్లండ్‌లో ఏకాల్ అనే బిడ్డింగ్ పద్ధతి ఆడేవాళ్లలో 12–14 మామూలు. సగటు 13 అనుకుంటే మిగిలినవి 27. మన దగ్గర అదే పదహారు ఉంటే పార్ట్‌నర్‌కి సగటున ఐదున్నర, మొత్తం పాయింట్లు మన వైపే ఎక్కువ. ఇక్కడ పాస్ అంటే గేమ్ కూడా జారిపోవచ్చు. అందుకని 15 నుంచి డబుల్, శిక్షించడానికే. ఓపెనర్ పార్ట్‌నర్ దగ్గర ఏమీ లేకపోతే వాళ్లు పారిపోవడానికి దారులు వెతుక్కుంటారు, దొరక్కపోతే వల్నరబుల్‌గా రెండు పడితే మనకి 500. డబుల్ అయిన వన్ నో ట్రంప్‌ని వాళ్లు గెలిస్తే మనం ఇచ్చేది 180, కాబట్టి మొత్తం మీద బేరం మన వైపే.

ఈ డబుల్‌ని పార్ట్‌నర్ చెడగొట్టకూడదు. ఐదు పాయింట్లు, చదునైన చేయి, భయమేసి 2 డైమన్లు అనడం: ఇది చాలా మామూలుగా జరిగే తప్పు. సున్నా, ఒకటి పాయింట్లతో ఐదారు ముక్కల రంగుంటేనే కదలాలి, లేకపోతే పాస్.

బలహీన నో ట్రంప్ మీద లాండీ 2 కళావర్లకి కూడా కాస్త బరువు ఉండాలి, ఎందుకంటే గేమ్ మనదయ్యే అవకాశం ఉన్నచోట పార్ట్‌నర్ 2 నో ట్రంప్ అని మన బలం అడుగుతాడు. 15–17 మీద అలా అడగాల్సిన పని చాలా అరుదు. అక్కడ పార్ట్‌నర్ తొమ్మిది పాయింట్లు చూసుకుని మూడో మెట్టుకి, నాలుగో మెట్టుకి ఎగబాకడం మనం చూపిన చొరవకి శిక్ష వేయడమే, తర్వాతి నుంచి ఆ పార్ట్‌నర్ ఎదురుగా ఎవరూ బిడ్ చేయరు.

బల్ల దగ్గర కూర్చోకముందే

బిడ్ అర్థం ఇద్దరికే తెలిసిన రహస్యంగా ఉండకూడదు, డూప్లికేట్ బ్రిడ్జ్ చట్టాల్లో 40వది చెప్పేది ఇదే. పార్ట్‌నర్ 2 కళావర్లు అంటే ఎలర్ట్ చేయాలి (ప్రత్యేక అర్థం ఉందని ఎదుటివాళ్లకి తెలపాలి), అడిగితే చెప్పాలి. (ఆన్‌లైన్‌లో చాలా చోట్ల బిడ్ చేసినవాడే రాయాలి.) గొంతు పెంచి ‘డబుల్’ అంటే పెనాల్టీ, మెల్లగా అంటే మరొకటి, ఇలాంటివి స్నేహితుల మధ్య నవ్వులాటగా నడిచినా 16వ చట్టం దాన్ని అక్రమ సమాచారం కిందే చూస్తుంది.

సిరిమానోత్సవం సెలవులకి ఊరొచ్చిన పాత మిత్రుడితో ఒక్క పూట ఆడేటప్పుడు వ్యవస్థంతా మాట్లాడుకునే తీరిక ఉండదు. కనీసం మూడు ప్రశ్నలు తేల్చుకుంటే చాలు. 15–17 మీద ఏం ఆడుతున్నాం, 14 దాటని నో ట్రంప్ మీద డబుల్ పెనాల్టీయేనా అన్నది మొదటిది. ముందే పాస్ అన్న చేయి తర్వాత డబుల్ అంటే అర్థం ఏమిటన్నది రెండోది, పాస్ అన్నవాడి దగ్గర పదిహేను ఉండే అవకాశం లేదు కాబట్టి అది పెనాల్టీ కాలేదు, డోంట్ తరహాలో వాడుకోవడం నయం. మూడోది, మన 2 కళావర్ల లాండీని ఎదుటివాళ్లు డబుల్ చేస్తే పార్ట్‌నర్ పాస్ దేనికి గుర్తు? పొడుగు కళావర్లు ఉన్నాయి, ఇక్కడే ఆడదాం అని కొందరు ఆడతారు, ఏ మేజర్ అయినా ఫర్వాలేదు, నువ్వే ఎంచుకో అని ఇంకొందరు. రెండోదే ఎంచుకుంటే కళావర్లు ఆరు ఉన్నప్పుడు చెప్పడానికి రీడబుల్ (వాళ్ల డబుల్‌ని మళ్లీ రెట్టింపు చేయడం) ఖాళీగా ఉంది.